సహస్ర ఏడుపు: నిల్

లాస్యకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తాను ఎనిమిదో తరగతితోనే చదువు ఆపేసిన సంగతి కూతురి బడిలో తెలిసిపోవడం! తెలిస్తే, సహస్ర పెన్సిల్ పారేసుకున్నా, డబ్బాలో అన్నం వదిలేసినా "తల్లికి చదువు లేదు కదా!" అంటారని ఆమె బెంగ.

అలాంటి తల్లి చేతికి రాయగడలోని ఆ ఇంగ్లీషు మీడియం బడి ఒక మహత్తర ప్రకటన పంపింది. కోరాపుట్‌లో హెడ్‌క్లర్కుగా రిటైరైన మామగారు వేంకటరమణ గారు కళ్ళజోడు సవరించుకుని, దాన్ని తన ఆఫీసు తెలుగులోకి దించి వినిపించారు.

"ఇకమీదట విద్యార్థులెవ్వరూ అకారణముగా ఏడవరాదు. సకారణముగా ఏడ్చినచో భావము, కారణము, తీసుకొనబడిన చర్య అను గడులను ప్రతిదినము నింపి, తల్లి సంతకముతో ఉదయం ఎనిమిదిలోగా సమర్పించవలెను."

పిల్లలు తమ మనసును తాము అర్థం చేసుకోవాలట. ఎనిమిదిలోగా!

మొదటి రోజే ఐదేళ్ళ సహస్ర ఆటో ఎక్కనని ఏడ్చింది. తీసుకొనబడిన చర్య రెండు బిస్కెట్లు. బిస్కెట్‌ను ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక లాస్యకు చెమటలు పట్టాయి.

"ఏటమ్మీ, ఆ కంగారు? ఇలా తే," అన్నారు మామగారు. "ముప్పై నాలుగేళ్ళు కాగితాలే సూసేను. గడి నింపేవనుకో, పైనుంచి ప్రశ్నొస్తాది. నిల్ అని రాసేవనుకో, ఫైలు మూసేస్తారు."

"పిల్ల ఏడ్చింది కద మావయ్యా?"

"ఇంట్లో ఏడ్చింది. కాగితం మీద ఏడ్చిందేటి?"

ఆ నెలంతా సహస్రకు కోపం నిల్, భయం నిల్, అలక నిల్. కొండ గుహల్లో ముక్కు మూసుకు కూర్చున్నవాళ్ళకైనా అంతటి స్థితి దొరకదు! ఇంట్లో మాత్రం ఆ మహాయోగిని కాగితం కనపడగానే రాగం ఎత్తుకునేది.

"ఎందుకే అమ్మీ?" అని లాస్య అడిగితే, "సంతకం పెట్టినప్పుడు నీ సెయ్యి వణుకుతాది. నాకు బయమేస్తాది," అనేది.

ఆ కారణానికి ఏ గడీ సరిపోలేదు.

నెలాఖరు శనివారం తల్లిదండ్రుల సభ. ప్రిన్సిపాల్ కృష్ణచైతన్య గారు మైకు అందుకున్నారు.

"ముప్పై రోజులు! ఒక్క కన్నీటి బొట్టు లేదు! మన బడికే ఆదర్శ బాలిక, సహస్ర!"

పాపకు కిరీటం పెట్టారు. లాస్యకు కొట్పాడ్ నేత శాలువా కప్పారు. ఆ తర్వాత ఆయన ఆమె నోటి ముందు మైకు పెట్టి నవ్వారు.

"ఏం చదివారు మేడమ్? సైకాలజీయా?"

లాస్య స్టేజీ అంచుదాకా వెనక్కి జరిగింది. అమ్మ ముఖం చూసిందో లేదో, ఆదర్శ బాలిక కిరీటం ఊడిపోయేలా బావురుమంది.

"ష్! ప్రైజొచ్చిన పిల్ల ఏడవకూడదు! ఫోటో ఉంది! నవ్వు! నవ్వమంటుంటే!" అని ప్రిన్సిపాల్ కసిరారు.

సహస్ర వెక్కిళ్ళు పెట్టింది. లాస్య పిల్లను ఎత్తుకుని భుజాన వేసుకుంది. ఆమె నోట మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"ఎనిమిదో తరగతండీ. అక్కడితో ఆపేసేరు. ఈ పిల్ల రోజూ ఏడుస్తాదండీ. దాన్ని సూసి నేనూ ఏడుస్తాను. కాగితంలో రాసిందంతా ఉత్తిదేనండీ."

లాస్య కళ్ళు మూసుకుంది. ఇక అంతా అయిపోయింది అనుకుంది.

వెనక వరుసలోంచి హోల్‌సేల్ కిరాణా వాళ్ళ కోడలు బిందుశ్రీ లేచింది. ఎమ్మెస్సీ చదివిన మనిషి.

"మా ఇంట్లోనూ ఉత్తిదేనండీ. మావాడు నిన్న పళ్ళెం విసిరేసేడు. 'ఆనందం' అని రాసేను."

"మాదీ అంతే!" "మాదీనండీ!" అంటూ నలుమూలలా చేతులు లేచాయి.

"సైలెన్స్!" ప్రిన్సిపాల్ గొంతు చించుకున్నారు. "ఈ బడిలో ఎవరూ ఏడవట్లేదు! అలాగని నేను పైకి రిపోర్టు పంపేశాను! సోమవారం పైవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు!"

సహస్ర ఏడుపు ఆపి, ఆయన్ని పరీక్షగా చూసింది.

"సార్, మీకు బయమేసిందా?"

ఆయన పెదవి అదిరింది. గబగబా స్టేజీ దిగి, నర్సరీ గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నారు.

తల్లులు ఇళ్ళకు వెళ్ళిపోయారు. లాస్యను ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఇద్దరు ఆమె ఫోన్ నంబరు కూడా తీసుకున్నారు. సహస్ర అమ్మ భుజం మీదే నిద్రపోయింది.

ఆ గది తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. మీరు అటువైపు వెళ్తే కాస్త తట్టి చూడండి. కారణం అడక్కండి. ఓ గ్లాసు మంచినీళ్ళు పట్టుకెళ్ళి, ఆయన ఏడ్చినంతసేపూ పక్కన కూర్చోండి.