శనగబద్ద సాక్ష్యం

ఆ రోజు పొద్దున నాగసుబ్బయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ చేసి కూతురి పళ్ల ఆసుపత్రికి వెళ్లాలి. కుర్చీలో కూర్చుని నోరు తెరవాలి. రెండు కంపెనీల వాళ్లు తమ తమ యంత్రాలతో ఆ నోటిని ఫోటో తీస్తారు. ఏ యంత్రం బాగా తీస్తే కూతురు అది కొంటుంది. ఆయన కొట్టుకు తిరిగొచ్చి, మధ్యాహ్నం దిగబోయే శనగల లారీ పక్కన నిలబడాలి. అంతే.

కడపలో పప్పుల హోల్‌సేలు వ్యాపారులు చాలామందే ఉన్నారు కానీ, అనుమానంలో నాగసుబ్బయ్యకు సాటి వచ్చేవాడు లేడు. గుడికి వెళితే కొబ్బరికాయ మీద మేకుతో గీత గీసి ఇస్తాడు. పూజారి కొట్టింది తన కాయేనా, కాదా అని తర్వాత చిప్పలో ఆ గీత వెతుక్కుంటాడు.

డాక్టర్ శ్రీవాసవి ఆయన ఒక్కగానొక్క కూతురు. ఏడురోడ్ల దగ్గర ఆయన మేడ కింది భాగంలోనే ఆమె ఆసుపత్రి. ఎవరికైనా కట్టుడు పన్ను పెట్టాలంటే నోట్లో మెత్తటి ముద్ద కుక్కి అచ్చు తీయాలి, ఆ అచ్చును బస్సులో బెంగళూరు ల్యాబుకు పంపాలి. ముద్ద గొంతుకు తగలగానే సగంమంది వాంతి చేసుకునేవాళ్లు. మిగిలినవాళ్ల అచ్చులు కడప ఎండకు దారిలోనే వంకర తిరిగేవి. ఈ నోటి స్కానర్ వస్తే ఆ గొడవే ఉండదు. పెన్నులాంటి కెమెరాను పళ్ల మీదుగా తిప్పితే పళ్ల వరుస మొత్తం కంప్యూటర్ తెర మీదికి వచ్చేస్తుంది. 2009లో ఆ చుట్టుపక్కల ఇలాంటి యంత్రం ఎవరి దగ్గరా ఉన్నట్టు ఆమె వినలేదు.

దాన్ని కొనాలంటే బ్యాంకులో మేడ కాగితాలు పెట్టాలి. అందుకే పరీక్షకు నోరు కూడా తనదే ఉండాలని నాగసుబ్బయ్య పట్టుబట్టాడు.

"మేడ నాది. అది నిలుస్తాదో మునుగుతాదో నా నోరే తేల్చాల," అన్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరు కుర్రాళ్లు చెరో చక్రాల బల్ల పక్కన నిలబడి ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చినవాడు జ్ఞానేశ్వర్. టై, సెంటు, చెదరని నవ్వు. రెండోవాడు ఏసుకుమార్, జమ్మలమడుగు పిల్లవాడు. కొత్త ఉద్యోగం. అప్పటికే వాడి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"మా మెషీన్ ముందు మిగతావన్నీ ఆటబొమ్మలు సార్," అన్నాడు జ్ఞానేశ్వర్.

నాగసుబ్బయ్య ఏసుకుమార్ వైపు తిరిగాడు. "నీదెట్లుంటాదప్పా?"

"బాగానే ఉంటాది సార్. కొంచెం బరువు. శానాసేపు వాడితే వేడెక్కుతాది."

నాగసుబ్బయ్య కళ్లు చికిలించాడు. సరుకును పొగిడేవాడు సగం దొంగ, పొగడనివాడు పూర్తి దొంగ అని బజారు ఆయనకు నేర్పింది.

ముందు జ్ఞానేశ్వర్ వంతు. నోరు తెరవమని, చిన్న గొట్టంతో ఏదో తెల్లటి పొడి చల్లబోయాడు. నాగసుబ్బయ్య ఠక్కున నోరు మూశాడు.

"యేందిది? సున్నమా?"

"పళ్ల మెరుపు కెమెరాకు అడ్డం రాకుండా చల్లుతాం సార్. కాస్త లోపలికి పోయినా ఏం కాదు."

"ఏం కాదా? అయితే ముందు నీ నోట్లో కొట్టుకో."

జ్ఞానేశ్వర్ నవ్వు చెదరకుండానే తన నాలిక మీద కొట్టుకున్నాడు. మనిషి బతికే ఉన్నాడని నమ్మకం కుదిరాక నాగసుబ్బయ్య మళ్లీ నోరు తెరిచాడు.

కెమెరా లోపలికి వెళ్లింది. తెర మీద ఒక్కొక్క పన్నే మొలకెత్తసాగింది. శ్రీవాసవి, ఏసుకుమార్, మూలన నిలబడ్డ ఆయా గిడ్డమ్మ, అందరి కళ్లూ తెర మీదే. నోరు ఎదురుగానే ఉంది. దాని వంక చూసిన పాపాన పోయినవాళ్లు లేరు.

"నాన్నా! నీ పండ్లు ఇంత బాగుండాయని నాకు తెలీనే తెలీదే!" అంది శ్రీవాసవి.

తెలిసే అవకాశం లేదు. కూతురు పళ్ల డాక్టరయిన దగ్గరనుంచి నాగసుబ్బయ్య ఆమె ముందు ఆవులించడం కూడా మానేశాడు. ఆయన తెర వంక అనుమానంగా చూశాడు. ముత్యాల్లాంటి పళ్లు. పొడి చల్లితే ఎవరివైనా తెల్లగానే ఉంటాయి. ఇవి తనవేనని రుజువేమిటి? వీళ్లిద్దరూ ఏ క్యాలెండరు బొమ్మో యంత్రంలో దాచుకొచ్చి, ఊరూరా అదే చూపిస్తున్నారేమో?

బజారులో కాటాను పరీక్షించే పద్ధతి ఒకటుంది. కాటావాడికి చెప్పకుండా మూటలో ఒక రాయి వేయాలి. ముల్లు కదిలితే కాటా మంచిది. కదలకపోతే కాటావాడు దొంగ.

"నోరు కడుక్కొనొస్తా," అని ఆయన తొట్టి దగ్గరికి వెళ్లాడు. జేబులో శనగపప్పు శాంపిలు పొట్లం ఉంది. ఎవరూ చూడకుండా ఒక బద్ద తీసి, కింది దవడ చివరన, చిగురుకూ బుగ్గకూ మధ్య వేలితో గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు.

ఈసారి ఏసుకుమార్ పొడి చల్లాడు. కెమెరా తిరిగింది. తెర మీద పళ్లు వచ్చాయి, చిగుళ్లు వచ్చాయి. చివరన గుండ్రంగా, నున్నగా, బొడిపె ఒకటి వచ్చింది.

శ్రీవాసవి తెర దగ్గరికి జరిగింది.

నాగసుబ్బయ్య లోలోపల మురిసిపోయాడు. కాటా ముల్లు కదిలింది! అప్పుడే చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఎవరు ఏమంటారో ఇంకొంచెం విందామని ఆగాడు.

"చూశారా మేడమ్? లేనిదాన్ని కూడా చూపిస్తుంది వీళ్ల కెమెరా," అన్నాడు జ్ఞానేశ్వర్.

"మా మిషన్ లేనిదాన్ని చూపదు మేడమ్," అన్నాడు ఏసుకుమార్. "గడ్డ ఉండాది కాబట్టే చూపిచ్చింది."

శ్రీవాసవి ముఖంలో రంగు మారింది. చిన్న అద్దం తీసుకుని తండ్రి మీదికి వంగింది. "నాన్నా, పెద్దగా తెరువు."

నాగసుబ్బయ్య సగం తెరిచి ఆగిపోయాడు. ఇద్దరు కుర్రాళ్ల ముందు, పప్పుబద్ద నోట్లో దాచుకున్న దొంగలా దొరికిపోవడమా? ఆలోచించే వ్యవధి లేదు. గుటుక్కున మింగేశాడు.

శ్రీవాసవి అద్దంతో వెతికింది. బొడిపె లేదు. అది ఉండాల్సిన చోట చిగురు మాత్రం ఎర్రగా కమిలి ఉంది. ఏసుకుమార్ మళ్లీ ఫోటో తీశాడు. ఈసారి నున్నటి చిగురే వచ్చింది.

"తప్పు దిద్దుకుంది మేడమ్ పాపం," అన్నాడు జ్ఞానేశ్వర్.

"కాదు మేడమ్! అది పగిలిపోయింది!" అన్నాడు ఏసుకుమార్ ఏడుపు గొంతుతో. "సార్‌కు గడ్డ ఉండింది మేడమ్, నన్ను నమ్మండి. గట్టి గడ్డ!"

నాగసుబ్బయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకడు తనకు ఆరోగ్యం ఉందని వాదిస్తున్నాడు, యంత్రం అమ్ముకోవడానికి. ఇంకొకడు రోగం ఉండితీరాలని దేవుణ్ణి వేడుకుంటున్నాడు, అదీ యంత్రం అమ్ముకోవడానికే.

గిడ్డమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. శ్రీవాసవి ఫోనందుకుని, "సర్జను గారూ, నాన్నకు నోట్లో గడ్డ పగిలింది, ముక్క తీసి పరీక్షకు పంపాల," అనడం వినీ వినకముందే ఆయా ఆ కబురుతో వీధిలోకి పరుగెత్తింది. కాసేపటికి ఇంటి నుంచి ఆటోలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ వచ్చింది, పట్టరాని ఏడుపుతో.

"అయ్యో, వక్క నమలొద్దు నమలొద్దు అని తలకాయ కొట్టుకున్యానే! ఇంటే కదా ఈ మనిషి!"

"నాకేం కాలేదే," అన్నాడు భర్త.

"అందరూ అట్లనే అంటారు!"

ఆమె వెనకాలే పక్క కొట్టు రాఘవేంద్రప్రసాద్ వచ్చాడు, సంచీనిండా బత్తాయిలతో. నాగసుబ్బయ్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చెవి దగ్గరికి వంగాడు.

"సుబ్బయ్యన్నా, నీ కొట్టు షట్టరు దించేసినారు. నువ్వు ఆరోగ్యం చూసుకో. ఆ శెనగల లారీ నేను దించుకుంటాలే. ఏమంటావు?"

ఈ మనిషిని తాను ఇన్నేళ్లుగా అనుమానించడం వృథా కాలేదని నాగసుబ్బయ్యకు తృప్తి కలిగింది. కానీ ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. వాకిట్లో కారు ఆగింది.

"లే నాన్నా. కర్నూలుకు పోదాం. సర్జను సాయంత్రానికి సిద్ధంగా ఉంటాడంట. చిన్న ముక్కే కోస్తాడు," అంది శ్రీవాసవి.

కోయడమనే మాటతో నాగసుబ్బయ్య పరువు సంగతి మరిచిపోయాడు.

"యాడికీ పోయేది లేదు! అది గడ్డ కాదు, శెనగబేడ! మిషన్లు నిజమో కాదో చూద్దామని నేనే పెట్టుకున్యా. నువ్వు అద్దం తెచ్చేసరికి మింగేసినా. అదీ జరిగింది!"

 రాజ్యలక్ష్మమ్మ బావురుమంది.

"సూడు, మనకు ధైర్యం చెప్పడానికి ఎట్లాంటి కథ అల్లినాడో!"

"నాన్నా," శ్రీవాసవి కళ్లలో నీళ్లు తిరిగాయి, "ఇంత పెద్ద మనిషివి, బేడ నోట్లో దాచుకుంటావా? నేను నమ్మాల్నా?"

"పోనీ, ఏసుకుమారూ, నువ్వు చెప్పప్పా! నీ మిషన్ గెలుస్తాది కదా!"

ఏసుకుమార్ తల దించుకున్నాడు. "గడ్డే అనుకుంటా సార్. మీరు కర్నూలుకు పోతేనే మంచిది."

జీవితంలో ఎవరి మాటా నమ్మని నాగసుబ్బయ్య మొదటిసారి నిజం నోటితో చెప్పాడు. నమ్మిన నాథుడు లేడు. ఆయన చుట్టూ చూశాడు. భార్య ఏడుస్తోంది. కూతురు చెప్పులు వేసుకుంటోంది. రాఘవేంద్రప్రసాద్ సెల్‌ఫోనులో లారీ డ్రైవరుకు తన గోడౌను దారి చెబుతున్నాడు. ఈ గదిలో తన తరఫున సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఆ పొద్దునంతా తాను అనుమానించిన యంత్రం.

ఆయన పొట్లం బయటికి తీసి బల్ల మీద కుమ్మరించాడు.

"అందరూ చూడండి. మీ కండ్ల ముందరే పెట్టుకుంటాండా. ఏయ్ ప్రసాదూ, ఆ ఫోను ఆపి ఈడ చూడు!"

అందరి ఎదుటా ఇంకో బద్ద తీసి అదే చోట నొక్కుకున్నాడు. ఏసుకుమార్ కెమెరా తిప్పాడు. తెర మీద అదే బొడిపె. అదే చోటు, అదే నునుపు. నాగసుబ్బయ్య బద్దను వేలితో తీసి అరచేతిలో చూపించాడు.

రాజ్యలక్ష్మమ్మ ఏడుపు నడిమధ్యలో ఆగిపోయింది. "సిగ్గు లేదా నీకు?" అంది. ఆరోగ్యంగా ఉన్న భర్తతో మాట్లాడే గొంతు అది. రాఘవేంద్రప్రసాద్ బత్తాయిల సంచీని మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

శ్రీవాసవి ఊపిరి పీల్చుకుంది. "సరే, పరీక్షంటే రెండింటికీ ఒకటే ఉండాల. జ్ఞానేశ్వర్, మీ మెషీన్‌తో కూడా బేడను తీయండి."

"అవసరం లేదు మేడమ్," అన్నాడు జ్ఞానేశ్వర్. అప్పటికే తీగలు చుట్టేస్తున్నాడు. "ఏసుకుమార్ గారిదే బాగుంది. నాకు బస్సుకు టైమవుతోంది."

పక్క కంపెనీ సరుకును మెచ్చుకునే అమ్మకందారుణ్ణి నాగసుబ్బయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.  బద్దను మళ్లీ చిగురు దగ్గర నొక్కుకుని కుర్చీలో వాలాడు.

"తియ్యి."

గిడ్డమ్మ వెళ్లి వాకిలికి అడ్డంగా నిలబడింది. దారిలేక జ్ఞానేశ్వర్ యంత్రం వెలిగించి కెమెరా నోట్లో పెట్టాడు. తెర మీద పళ్లు మొలిచాయి. ముత్యాల్లాంటి పళ్లు. చివరన చిగురు నున్నగా ఉంది. బొడిపె లేదు.

నాగసుబ్బయ్య కెమెరాను నోట్లోంచి లాగేశాడు. తెర మీద పళ్లు ఇంకా మొలుస్తూనే ఉన్నాయి. కెమెరాను రాఘవేంద్రప్రసాద్ ఒళ్లోని సంచీలోకి దూర్చాడు. బత్తాయిల మధ్య నుంచి దవడ పళ్లు, కోర పళ్లు, ముందు పళ్లు చక్కగా వరుస తీరాయి.

జ్ఞానేశ్వర్ నవ్వు మొదటిసారి చెదిరింది.

"రాత్రి బస్సు గుంతలో ఎగిరినప్పుడు కెమెరా పగిలింది సార్. వట్టి చేతులతో తిరిగి వెళితే మా మేనేజరు ఊరుకోడు. అందుకని... రికార్డు చేసినది పెట్టాను."

"ఎవురి పండ్లప్పా అవి?"

"తెలీదు సార్. కంపెనీ వాళ్లు పంపారు."

శ్రీవాసవి నుదురు కొట్టుకుంది. ఎదురుగా నోరుండగా తెర వంకే చూసినందుకు. ఇంకాస్త ఉంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి దవడను చూసి మేడ తాకట్టు పెట్టేది. జ్ఞానేశ్వర్ యంత్రాన్ని దొర్లించుకుంటూ బయటపడ్డాడు. ఏసుకుమార్ ఆనందం పట్టలేక నాగసుబ్బయ్య కాళ్లకు దండం పెట్టబోయి, పొడి గొట్టం మీద మోకాలు పెట్టాడు. గదంతా తెల్లటి మేఘం లేచింది.

అందులోంచి నాగసుబ్బయ్య విజయగర్వంతో లేచి నిలబడ్డాడు.

"ఈ మిషన్ కొనమ్మా. కాగితాల మీద సంతకం పెడతా. ఇది అబద్ధమాడదు. నేను గ్యారంటీ!"

"సంతోషం నాన్నా," అంది శ్రీవాసవి. ఆమె కళ్లు ఏసుకుమార్ తీసిన ఫోటో మీద ఉన్నాయి. బొడిపె మీద కాదు, దాని పక్కన. "ఈ దవడ పన్ను చూడు. నిలువునా చీలింది. లోపల పుచ్చింది కూడా. గిడ్డమ్మా, సూది తీసుకురా. ఈ పొద్దే పీకేద్దాం."

నాగసుబ్బయ్య కూర్చున్నాడు. తెర వంక చూశాడు. సూది వంక చూశాడు.

"అమ్మా, మిషన్లన్నాక ఒక్కోతూరి తప్పు చూపిస్తాయేమో..."

"ఇప్పుడే కదా, ఇది అబద్ధమాడదని గ్యారంటీ ఇచ్చినావు? ఆ... పెద్దగా తెరువు."

రాజ్యలక్ష్మమ్మ భర్త భుజాలను వెనకనుంచి గట్టిగా అదిమి పట్టుకుంది. నాగసుబ్బయ్య తల తిప్పి, గిడ్డమ్మను గుసగుసగా అడిగాడు.

"ఆ టై పిల్లోడు పోయినాడా, ఇంకా ఈడనే ఉండాడా?"

జ్ఞానేశ్వర్ యంత్రంలో ఆ పన్ను నిక్షేపంగా ఉంది.