గాలి పోయినట్టు రుజువు

మనిషి తిన్నది అరుగుతుందా లేదా అన్నది ఇకమీదట అతని సొంత వ్యవహారం కాదని మొయినాబాద్ రోడ్డు మీది ఒక దవాఖాన తేల్చింది.

ముడిమ్యాల ఊరి కూలీ స్వామిదాసుకు అక్కడ మెలిపడిన పేగును సరిచేశారు. ఆపరేషన్‌లో చెయ్యి తగిలితే పేగులు పని మానేస్తాయి. ముందు చిన్న పేగు లేస్తుంది. అన్నాన్ని అరిగించి, లోపలి గోడల మీది నూగుతో సారాన్ని రక్తంలోకి పీల్చే పని దానిదే. నీళ్లు పీల్చుకుని మిగిలింది బయటికి తోసే పెద్ద పేగు రెండు మూడు రోజులకు గాని డ్యూటీకి రాదు (పెద్దవాళ్ల పద్ధతి ఎక్కడైనా ఇంతే). అది వచ్చిందనడానికి గుర్తు, కింది నుంచి గాలి పోవడం. అంతవరకు నోటికి ఏమీ ఇవ్వరు.

మూడో రోజు పొద్దున స్వామిదాసుకు గాలి పోయింది. ఇక గంజి తాగొచ్చని ఆశపడ్డాడు. వాయు నిర్ధారణ అధికారి హరీష్ వచ్చాడు.

"పోయింది సార్."

"ఎవరు సాక్షి?"

"నేను ఇన్న సారూ," అంది భార్య పెంటమ్మ.

"ఇంటోళ్ల సాక్ష్యం చెల్లదవ్వా. నా ముంగట పోవాలె. ఇనబడాలె."

"బయటోళ్ల ముంగట ఎవ్వడన్న ఇడుస్తడా? జర సిగ్గుండాలె గద!"

నియమం ప్రకారం గాలి అధికారి సమక్షంలో, ఎవరి బలవంతమూ లేకుండా పోవాలి. హరీష్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. స్వామిదాసు శాయశక్తులా ప్రయత్నించాడు. అధికారి ఎదురుగా ఉండగా అతని జీవితంలో ఏ పనీ జరగలేదు. ఇదీ జరగలేదు.

పక్క మంచం ఆలూరు మాజీ సర్పంచ్ సత్తయ్యది. నిన్ననే ఆపరేషన్ అయింది. గాలి పోలేదు, పోయిందని ఆయన అననూ లేదు. ఆకలైతున్నదని మాత్రం ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి హరీష్ పరుగెత్తుకొచ్చాడు.

"పటేలా, మీకు గాలి పోయిందంట. పైనుంచి ఫోన్ అచ్చింది."

"అట్లనా? మంచిదే."

ఇడ్లీలు వచ్చాయి.

"ఆయన గాలి హైదరాబాద్‌ల పోయిందా సారూ?" అని అడిగింది పెంటమ్మ.

సాయంత్రం సత్తయ్య తిన్నదంతా కక్కాడు. ఫోన్ అందరికీ వెళ్లింది గాని, ఆయన పెద్ద పేగుకు ఎవరూ చేయలేదు. దవాఖాన విచారణ జరిపింది. పేషెంట్ల మాట నమ్మడం వల్లే ఈ అనర్థం జరిగిందని తేల్చి, వార్డులో మరో రోజు ఎవరి నోటికీ ఏమీ ఇవ్వరాదని ఉత్తర్వు ఇచ్చింది.

హరీష్ దాన్ని చదివి వినిపిస్తుండగా స్వామిదాసుకు మళ్లీ గాలి పోయింది. వార్డంతా వింది.

"సార్, ఇప్పుడైతే ఇన్నరు గద!" అన్నాడు స్వామిదాసు.

హరీష్ విన్నాడు. విన్నది విన్నట్టే నమోదు చేశాడు, ఉత్తర్వును అవమానించిన నేరం కింద.