కాశీరావు గారి కాలేయ త్యాగం

డాక్టర్ ఆమోసు గారు కాలేయమార్పిడి విద్యలో ఆరితేరి లండన్ నుంచి తిరిగి వచ్చారన్న వార్తను విజయవాడ పట్టణం 1974 ఆగస్టులో సగౌరవంగా అందుకుని, వారం తిరక్కుండా తన తాగుడు పెంచుకుంది. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పాడైన కాలేయం తీసి కొత్తది పెట్టే మనిషి పటమటలోనే కాపురం ఉండగా, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవడమంటే ఆయన చదువును అవమానించడమే. పెద్దమనుషుల క్లబ్బు కార్యదర్శి ఆ ఏటి నివేదికలో బ్రాందీ ఖాతా వృద్ధి చెందినందుకు డాక్టరు గారికి ప్రత్యేక ధన్యవాదాలు తెలిపారు.

నిజానికి డాక్టరు గారు లండన్‌లో ఆరేళ్లు కష్టపడి నలభై మూడు పందులకు కాలేయాలు మార్చారు. నలభై రెండు పందులు వారంలోపే చనిపోయాయి. నలభై మూడోది తొమ్మిది రోజులు బతికి, ఆయనకు డాక్టరేటు ఇప్పించి, ఆ తర్వాత చనిపోయింది. స్వాగత సభలో ఆయన ఈ సంగతే చెప్పబోయారు. మైకు చేతికి వచ్చేసరికి కరెంటు పోయింది, కరెంటు వచ్చేసరికి వందన సమర్పణ మొదలైంది. సంఘకాపరి సొలొమోను గారు మాత్రం ఆదివారం ప్రసంగంలో, సువార్తలో దయ్యాలు పందుల్లోకి వెళ్లాయనీ, మన ఆమోసు పందుల్లోంచి కాలేయాలు బయటికి తీశాడనీ, రెండూ దేవుని మహిమేననీ చెప్పి, కొడుకు చదువు పందుల పాలైందని దిగులుపడుతున్న డాక్టరు గారి తల్లి రూతమ్మ గారిని ఊరడించారు.

ఆసుపత్రిలో ఆయన పరిశోధనకు సైకిల్ స్టాండు పక్కన ఒక రేకుల గది కేటాయించారు. రక్తం సీసాలు దాచుకోమని ఇచ్చిన ఫ్రిజ్‌లో సూపరింటెండెంటు గారి పెరుగు అంతకు ముందునుంచీ ఉంటోంది కనుక, సీనియారిటీ ప్రకారం పెరుగుకే ప్రాధాన్యం దక్కింది. డెల్టాలో ఏటా కాలవ నీళ్లు తాగి కామెర్లతో పోయేవాళ్లు ఎందుకు పోతున్నారో తేల్చాలన్నది డాక్టరు గారి అసలు కోరిక. దానికి ఒక మంచి లాబొరేటరీ కావాలి. ఆ మాట ఎత్తితే అందరూ జాలిపడేవారు. కాలవ నీళ్లు తాగేవాడి మీద లండన్ చదువు వృథా చేసుకోవడం దేనికని ఒక్కొక్కరూ మందలించేవారు.

అటువంటి రోజుల్లో కాశీరావు గారు వచ్చారు. కూచిపూడి వైపు భూపరిమితి చట్టం కంటికి ఆనని నూట ఇరవై ఎకరాల మాగాణీ, ఒక రైస్ మిల్లూ, ముందుకు వచ్చిన పొట్టా ఆయన ఆస్తి.

"డాక్టరుగారూ, మీకు బిల్డింగు కట్టిస్తానండీ. రెండంతస్తులు. పైన మీ పేరు, కింద మా నాన్నగారి పేరు. కాదులెండి, పైన నాన్నగారిది, కింద మీది. మొదటి ఆపరేషను మాత్రం నాకే చెయ్యాలి. లివరు కోసం మీరు ఎక్కడా తిరగక్కర్లేదు. మా ఇంట్లోనే ఉంది."

ఇది కుదరదని డాక్టరు గారు ఆ క్షణానే చెప్పవలసింది. కానీ రెండంతస్తులన్న మాట ఆయన గొంతుకు అడ్డం పడింది. "ముందు పరీక్షలు చేద్దామండీ" అన్నారు. తాను పిరికివాడినని ఆయనకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

మరుసటి సోమవారం అంబాసిడర్ కారు వచ్చింది. కారులోంచి దిగిన లివరు పేరు రాముడు. వయసు పాతికేళ్లు, కాశీరావు గారి ఇంట పాలేరు. ఏరువాకకు కుదిరినప్పుడు ఏ పని చెబితే ఆ పని చేస్తానని ఒప్పుకున్నవాడు. అతని చేతిలో బాండు కాగితం ఉంది. "నా కాలేయమును నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమును లేక, మా ఆసామి గారికి సమర్పించుకొనుచున్నాను" అని రాసి ఉంది. కింద వేలిముద్ర, ఆ కింద కరణం గారి సాక్షి సంతకం.

పరీక్షలన్నీ అయ్యాయి. రాముడి కాలేయానికి ఏ వంకా లేదు. ఇంత చక్కటి కాలేయాన్ని డాక్టరు గారు పందుల్లో కూడా చూసి ఎరుగరు. ఆయనలోని పరిశోధకుడు ఒక్క క్షణం సంతోషించాడు. ఆ సంతోషానికి ఆయన తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డారు.

"భయంగా లేదా, రాముడూ?"

"భయమెందుకు బాబూ. నా కార్జం ఆయనకెడతారు, ఆయనది నాకెడతారుగా."

"ఆయనది నీకా?"

"పాతదే అనుకోండి. అయినా పెద్దింటిది గదా బాబూ! ఆయన చొక్కాలూ, చెప్పులూ, గొడుగూ అన్నీ నేనేగా వాడేది. రెండేళ్లు తొడిగి చొక్కా నాకిత్తే ఇంకో నాలుగేళ్లొత్తది. ఇదీ అట్టాగే వాడుకుంటా. మా అంకాలమ్మ గూడా, పోనీలే, ఎప్పుడూ నెయ్యీ పెరుగూ తిన్న కార్జం, మనకెక్కడ దొరుకుద్దీ అంది."

డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పారు. మనిషికి ఉండేది ఒకటే కాలేయం. అది తీశాక మనిషి మళ్లీ లేవడు. పాడైనది అవతల పారేసేదే గాని ఇంకొకరికి పెట్టేది కాదు.

రాముడు చేతిలోని బాండు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే బాబూ, ఈ ముక్క మా ఆసామికి తెలిసుండదు. తెలిత్తే ఒప్పుకోడు. నా పెళ్లికి తాళిబొట్టు ఆయనే కొనిచ్చాడు. మీరొక్కసారి చెప్పి రండి బాబూ."

డాక్టరు గారు బయటికి వెళ్లారు. కాశీరావు గారు కారులోనే కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నారు.

"రాముడు చచ్చిపోతాడండీ."

"తెలుసండీ. ఆమాత్రం తెలియకుండానే కాగితం రాయించానా? పెళ్లానికి అరెకరం రాసిస్తాను. మీరు అవన్నీ మనసులో పెట్టుకోకండి."

"ఈ ఆపరేషను నేను చెయ్యను." ప్రస్తుతానికి, పరిశీలించి, వీలునుబట్టి వంటి మాటలు లేకుండా డాక్టరు గారు పలికిన మొదటి వాక్యం అది. "మీరు బ్రాందీ మానెయ్యండి. మీ లివరే ఇంకో ఇరవయ్యేళ్లు వస్తుంది."

"మానేసేదానికైతే మీరు లండన్ దాకా వెళ్లడం దేనికండీ!" అని కాశీరావు గారు నిజంగానే బాధపడ్డారు.

రెండంతస్తులూ పోయినట్టేనని అనుకుంటూ డాక్టరు గారు లోపలికి వచ్చారు. రాముడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచి నిలబడ్డాడు. ఆ చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది.

"చెప్పారా బాబూ?"

ఆ ముఖం చూసి నిజం చెప్పే ధైర్యం ఆయనకు చాలలేదు. "చెప్పాను. ఆయనకు తెలియదట. తెలియగానే వద్దన్నారు."

రాముడు ఏడుస్తూ పరుగెత్తి కారులోని కాశీరావు గారి కాళ్లు పట్టుకున్నాడు. తన పాలేరుకు తన మీద ఇంత నమ్మకం ఉందని కాశీరావు గారికి అప్పటిదాకా తెలియదు. అయినా గ్రహింపు గల మనిషి కనుక వెంటనే సర్దుకుని, "లేరా పిచ్చోడా, నీ ప్రాణం కన్నా నాకు నా లివరు ఎక్కువట్రా?" అని లేవనెత్తారు.

నెల తిరక్కుండా పట్టణంలో ఆయనకు పౌర సన్మానం జరిగింది. చేతికి అందిన కాలేయాన్ని ఒక బీదవాడి కోసం కాలదన్నుకున్నారని వక్తలు కొనియాడారు. "త్యాగధన" బిరుదు ప్రదానం చేశారు. ఆ ఊపులో కాశీరావు గారు పోయిన బిల్డింగును మళ్లీ ప్రకటించారు. కళ్లారా చూసిన సాక్షిగా డాక్టరు గారిని రెండు మాటలు చెప్పమన్నారు. ముందు వరుసలో రాముడూ అంకాలమ్మా అరటిపళ్ల గెలతో కూర్చున్నారు.

"కాశీరావు గారి హృదయం వైద్యశాస్త్రానికి అంతుపట్టేది కాదు" అన్నారు డాక్టరు గారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఆయన ఆ తర్వాత ముందు వరుసకేసి చూడలేదు.

మరుసటి ఏరువాకకు రాముడు ఎక్కువ ధాన్యం అడగలేదు. ఏటా ఇచ్చే కొత్త పంచె వద్దన్నాడు. కూలి సంఘం మీటింగుకు పిలిస్తే, ప్రాణదానం చేసిన ఆసామి మీద సంఘమేమిటని పిలిచినవాళ్లనే తిట్టి పంపాడు. ఈ పరిణామాన్ని చుట్టుపక్కల రైతులు శ్రద్ధగా గమనించారు.

కొత్త బిల్డింగు తెరిచిన గురువారం ఉదయం గేటు ముందు పదకొండు కార్లు నిలిచాయి. ఒక్కో కారు పక్కన ఒక్కో పాలేరు. మొదటి కారు ఆసామి చేతులు జోడించి చెప్పారు: "మా లివర్లు బాగానే ఉన్నాయండీ. మాకేం మార్చొద్దు. మా వాణ్ణి లోపలికి తీసుకెళ్లి, రాముడికి చెప్పిన ముక్కే చెప్పి పంపించండి చాలు."

డాక్టరు గారు లోపలికి చూశారు. కొత్త ఫ్రిజ్‌లో కామెర్ల రోగుల రక్తం సీసాలు ఇరవై రెండు వరుసగా ఉన్నాయి. పని అప్పుడే మొదలైంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదటి పాలేరును పిలిచారు.

ఆ మధ్యాహ్నానికి పదకొండు ప్రాణాలు నిలబడ్డాయి. మీ మనిషిని మీరింకా తీసుకురాకపోయి ఉంటే కంగారు పడనక్కర్లేదు. గురు, శనివారాల్లో ఉదయం తొమ్మిది గంటలనుంచి చూస్తున్నారు. ముందుగా వాడికేమీ చెప్పకుండా తీసుకురావలెనని మనవి.