నడిమి కుర్చీకి వినపడని బీరువా

పెళ్లినాటి పొద్దున అన్సార్ అనుకున్నది ఒక్కటే: ఇవాళ మైకు కూయకూడదు. ఆళ్లగడ్డలో అతని మైకుసెట్టు పెట్టారంటే, పెద్దమనుషులు నోరు తెరిచేలోగా అదే కుయ్యిమని ముందు మాట్లాడేది. పెళ్లికూతురి తండ్రి ఎలీషా తేల్చి చెప్పాడు కూడా. "ఈసారి కూసిందంటే చూడప్పా, ఇంక మా వాళ్ల పెండ్లిండ్లకంతా నంద్యాల సెట్టే."

అందుకే అన్సార్ కూర్చుని ఒక సర్క్యూట్ కట్టాడు. దాని నాబ్ తిప్పేకొద్దీ ఎడమ స్పీకరు బాక్సుకు పోయే శబ్దపు అల జరుగుతూ జరుగుతూ చివరికి తలకిందులవుతుంది. అప్పుడు ఒక బాక్సు గాలిని తోస్తుంటే రెండోది లాగుతుంది. షామియానాలో నాబ్ చివరిదాకా తిప్పాడు. కూత ఆగింది. అన్సార్ చెయ్యి మీసం మీదికి పోయింది. రెండు బాక్సులకూ సరిగ్గా నడుమ తోపుకు లాగుడు చెల్లిపోయి శబ్దమే చచ్చిపోతుందని మాత్రం అతనికి తట్టలేదు.

ఆ నడుమనే గౌరవంగా ఒక కుర్చీ వేశారు. అందులో పెళ్లికూతురి మేనమామ ఎడ్విన్ కూర్చున్నాడు. నంద్యాల నుంచి బీరువా తెచ్చిన మనిషి.

చదివింపులు మొదలయ్యాయి. మైకులో వినపడని చదివింపు పెట్టనట్టే లెక్క.

"మేనమామ ఎడ్విన్ గారు, బీరువా!"

రెండు పక్కలా చప్పట్లు మోగాయి. కూలర్ల హోరులో ఎడ్విన్‌కు వినపడింది ఆ చప్పట్లే.

"నా పేరు చదవల్యా ఏందీ?"

"ఇప్పుడే చదివిరి కదన్నా," అంది పక్క వరసలోని చెల్లెలు జీవమ్మ.

"నేనేమన్నా చెవిటోన్నా?"

మళ్లీ చదివించారు. మళ్లీ చప్పట్లు. "పేరు మింగేసి చప్పట్లు కొడ్తాండారే! ఎగతాళా?" అని ఎడ్విన్ ఎర్రబడ్డాడు. ఇంకోసారి చదివేసరికి పెళ్లికొడుకు పెద్దమ్మ ఎస్తేరు లేచింది. "బీరువాకు అన్నిసార్లు, మా గ్రైండరుకు ఒక్కసారేనా?" గ్రైండరు తిరగ చదివారు. దాంతో మంచం వాళ్లు, మిక్సీ వాళ్లు, ఆఖరికి గోడ గడియారం వాళ్లు కూడా మైకు చుట్టూ మూగారు. వంటవాళ్లు అన్నం మీద మళ్లీ మూతలు పెట్టారు.

"ఏం జేసినావప్పా నువ్వు?" ఎలీషా పళ్లు కొరికాడు.

"కూయలేదు కదన్నా," అన్నాడు అన్సార్.

ఎడ్విన్ కుర్చీ తన్ని లేచాడు. "బీరువా బండికెక్కించండి! నేను పోతాండా." అతన్ని ఆపాలని మైకులో మళ్లీ మళ్లీ చదవసాగారు. నాలుగు అడుగులు పక్కకు వేశాడో లేదో, "ఎడ్విన్ గారు, బీరువా!" అని చెవి అదిరింది. ఆగాడు. నడుమకొచ్చాడు. ఏమీ లేదు. పక్కకు పోయాడు. బీరువా! మళ్లీ నడుమ. నిశ్శబ్దం.

అది చూశాక అన్సార్‌కు సంగతి తెలిసింది. "తప్పు నాదేన్నా, అల తిరగబడింది. ఇప్పుడే సరిచేస్తా," అంటూ నాబ్ వైపు ఉరికాడు.

అప్పుడే పాస్టరు గారు ప్రసంగానికి మైకు దగ్గరికి వస్తున్నారు. ఆయన చేతిలో కాగితాల కట్ట ఎంత మందముందో ఎడ్విన్ ఒకసారి చూశాడు. గబుక్కున అన్సార్ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు. వచ్చే నెల నంద్యాల్లో మా కొత్తింటి ప్రార్థన. ఈ సెట్టే తేవల్ల. నా కుర్చీ యాడ వెయ్యాల్నో నువ్వే చూపియ్యి."

ఎడ్విన్ కుర్చీ సరిచేసుకుని మళ్లీ నడుమనే కూర్చున్నాడు. ప్రసంగం గంటన్నర నడిచింది. అంత ప్రశాంతంగా వాక్యం విన్న మనిషిని తన సేవలో చూడలేదని పాస్టరు గారు ఇప్పటికీ చెబుతుంటారు.