పెద్దాయన చల్లబడ్డాడు

ఆ ఇంట్లో స్నానాలకు ఒక వరస ఉంది. ముందు మామగారు, తర్వాత కూతురు, ఆ తర్వాత భార్య, అందరికంటే చివర బస్సు డ్రైవరు. ఇల్లు డ్రైవరు పేరు మీదే ఉంది. బాత్రూము తలుపు గడియ కూడా అతను బాగుచేసిందే. కానీ వేడినీళ్లు అతని దాకా రావు. మామగారు పాట పాడుకుంటూ సగం గీజరు ఖాళీ చేస్తారు. మిగతా సగం కూతురి జుట్టుకు పోతుంది. భార్య గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టుకుంటుంది. డ్రైవరుకు మిగిలేది వేడినీళ్లు వెళ్లిన గొట్టం.

గీజరును ఇంట్లో అందరూ పెద్దాయన అంటారు. వీళ్లు ఇల్లు కొనేనాటికే అది గోడకు వేలాడుతోంది. స్విచ్చి వేయగానే మూలుగుతుంది, దగ్గుతుంది, కాసేపటికి గుటకలు మింగుతుంది. మామగారిని కూతురు తాతయ్య అంటుంది, భార్య నాన్న అంటుంది, డ్రైవరు ఎదురుగా మామగారు అంటాడు. చాటుగా ఏమీ అనడు, ఆ ఇంటి గోడలు పల్చన. కాబట్టి గడప లోపల పెద్దాయన అంటే గీజరే. గడప బయట ఆ సంగతి ప్లంబరుకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ ఉదయం డ్రైవరుకు డిపోలో ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. డాక్టరు ఎదురుగా నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. ఎడమ చెయ్యి లేస్తుంది. కుడి చెయ్యి చెవి దాకా వచ్చి, ఏదో వినడానికి వచ్చినట్టు అక్కడే ఆగిపోతుంది. అది పైకి లేవకపోతే స్టీరింగు మీది నుంచి తీసేసి యార్డులో బస్సులు కడిగే పనిలో వేస్తారు. అంటే మిగిలిన ఉద్యోగమంతా చన్నీళ్లే. ఆ ఆలోచనకే భుజం ఇంకాస్త బిగుసుకుంది. వేడినీళ్లు ధారగా పడితే అది వదులవుతుందని అతనికి తెలుసు. ఒకసారి డ్యూటీ మీద వెళ్లి లాడ్జిలో దిగినప్పుడు అలా పడ్డాయి. చెయ్యి లేచింది. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే ముందు రోజు ప్లంబరుకు ఫోన్ చేశాడు.

"గీజరు మార్చక్కర్లేదన్నా," అన్నాడు ప్లంబరు. "లోపల నీళ్లు ఇప్పటికంటే ఎక్కువ వేడి చేసి, బయటికొచ్చే చోట చన్నీళ్లు కలిపే వాల్వు ఒకటి పెడితే చాలు. అదే గీజరు ఇంకో ఇద్దరికి సరిపోతుంది. కానీ వాల్వు పెట్టేదాకా వేడి పెంచే నాబు మాత్రం ముట్టుకోకు, తోలు ఊడిపోతుంది. రేపు పొద్దున్నే వచ్చి పెడతాలే."

ఇంకో ఇద్దరికి అన్న మాట దగ్గరే డ్రైవరు మనసు నిండిపోయింది. ఆ తర్వాతి మాటలకు అందులో చోటు లేకపోయింది.

తెల్లవారి అందరికంటే ముందు లేచి, కటింగ్ ప్లయరుతో గీజరు నాబును తిరిగినంతా తిప్పాడు. అతని ఆలోచన చక్కగానే ఉంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే ఎవరైనా కాసినే వాడుకుంటారు, చన్నీళ్లు కలుపుకుంటారు, మిగిలినవి తన భుజానికి వస్తాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం ఒక్కటే లోపం. చెబితే భార్య ఏదో ఒకటి అడుగుతుంది. ఆమె అడిగిన దానికి అతని దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు.

మామగారు లోపలికి వెళ్లారు. పాట మొదలైంది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆ వెంటనే పాట ఆయన గొంతు ఇన్నేళ్లలో అందుకోని శ్రుతికి వెళ్లి అక్కడ తెగిపోయింది. ముందు ఎడమకాలి బొటనవేలు తడిపి చూసుకోవడం ఆయన అలవాటు. ఆ అలవాటు పుణ్యమా అని కాలింది ఆ వేలొక్కటే. తెల్ల తువ్వాలు చుట్టుకుని కుంటుతూ బయటికి వచ్చారు.

"ఏం అల్లుడూ, నన్ను ఉడకబెడదామనుకున్నావా?"

"అయ్యో, అదేం లేదండీ. అందరికీ సరిపోవాలనీ..."

"అంటే ముక్కలు చేసి పంచుతావా?"

భార్య పరుగున వచ్చి తండ్రిని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చన్నీళ్ల బేసినులో పెట్టించింది. భర్త వైపు ఒక చూపు చూసింది. డ్రైవరు ఆ చూపును కూడా మిగతావాటితో కలిపి లోపల పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. అతనుండేది గంట ప్రయాణంలో. రోజూ పొద్దున ఫోన్ చేసి "నాన్న ఎలా ఉన్నాడక్కా?" అంటాడు. "బాగున్నాడు" అనిపించుకుని పెట్టేస్తాడు. తండ్రికి అతను చేసే సేవ అంతా ఆ ఒక్క ప్రశ్నే. ఇంటికి వచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. భార్య ఫోన్ ఎత్తి "ఒరేయ్ తమ్ముడూ, నాన్నకి..." అనేలోపు బాత్రూములోంచి కూతురు కేక వేసింది. "ఉండరా" అని, ఫోన్ వంటింటి గట్టు మీద పడేసి ఆమె పరుగెత్తింది. వంటిల్లు, బాత్రూము పక్కపక్కనే. గోడలు పల్చనని ముందే చెప్పుకున్నాం.

బావమరిదికి వినపడింది ఇదీ.

"అమ్మా, పెద్దాయన కక్కుతున్నాడు. ఒకటే నీళ్లు."

"ఆ గుడ్డ ఇలా పడెయ్, నోట్లో కుక్కేస్తా," అంది బావ గొంతు.

"మీకేమైనా మతి ఉందా? నోరు మూసేస్తే పగిలి చస్తాడు."

"అయితే మొత్తానికే ఆపేస్తున్నా."

టప్పుమని ఏదో చప్పుడు.

"మూలుగు ఆగిపోయింది," అంది అక్క.

"చల్లబడనీ. పూర్తిగా చల్లబడేదాకా ఎవరూ ముట్టుకోకండి."

తర్వాత కొత్త గొంతు ఒకటి వచ్చింది. అది అప్పుడే సంచీతో దిగిన ప్లంబరుది. "పెద్దాయన ఇన్నేళ్లు లాగాడు, అదే గొప్ప. కిందికి దింపాల్సి వస్తే మోయడానికి నలుగురు కావాలి."

"ఎంతమందైనా పిలు," అన్నాడు బావ. "తొందరగా కానిచ్చెయ్, నేను స్నానం చేసి డ్యూటీకి పోవాలి."

బావమరిది అంతకుమించి వినలేకపోయాడు. భార్య తిరిగి వచ్చి చూస్తే ఫోన్ కట్టయి ఉంది. రోజూ ఇంతకంటే ఎక్కువ మాట్లాడేది ఏముందిలే అనుకుని ఆమె పనిలో పడింది.

ప్లంబరు ముందుగా డ్రైవరు చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు. "ఈ కక్కే గొట్టం ఉన్నదే కక్కడానికన్నా. లోపల ఆవిరి ఎక్కువైతే ఇలా వదిలేస్తుంది. దీని నోరు మూశావంటే పెద్దాయన గోడతో సహా పక్కింట్లో ఉంటాడు. నాబు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావా?"

ప్లంబరు కరెంటు ఆగిందో లేదో మళ్లీ చూసుకున్నాడు. నీళ్లు చల్లారేదాకా ఆగి, అడుగు గొట్టం విప్పి బకెట్లోకి వదిలాడు. నీళ్లతో పాటు తెల్లటి పెచ్చులు, మట్టి గరగరమని రాలాయి.

"చూడు, కడుపు సగం దీనితోనే నిండిపోయింది. నువ్వు ఇన్నాళ్లూ రాళ్లు కాచుకుంటున్నావు."

డ్రైవరుకు అది కొత్తగా అనిపించలేదు. గోడ గడియారం వైపు చూశాడు. కలిపే వాల్వు బిగించడం, నాబు సరైన చోట పెట్టడం అయ్యాక నీళ్లు మళ్లీ కాగాలి. ఆలస్యంగా వస్తానని చెబుదామని డిపోకు ఫోన్ చేస్తే, ఎన్నిసార్లు చేసినా అవతల ఎవరితోనో మాట్లాడుతున్నారు. అవతల మాట్లాడుతున్నది బావమరిదేనని అతనికి ఎలా తెలుస్తుంది? అక్కకు ఫోన్ చెయ్యడానికి నోరు రాక అతను చుట్టాలకు చేశాడు. తర్వాత, డ్యూటీకి పోతానంటున్న ఆ రాతిగుండె బావకు సెలవైనా ఇప్పిద్దామని డిపోకు చేశాడు.

వాల్వు బిగిసింది. స్విచ్చి పడింది. పెద్దాయన ఈసారి మూలగలేదు, సన్నగా గొంతు సవరించుకున్నాడంతే. కానీ టైము అయిపోయింది. డ్రైవరు స్నానం ఆశ వదులుకుని యూనిఫాం చొక్కా అందుకున్నాడు. కుడి చెయ్యి ఎప్పటిలాగే చొక్కా చేతిలో సగం దాకా వెళ్లి మొరాయించింది. సగం చొక్కాతోనే వాకిట్లోకి వచ్చాడు.

గేటు ముందు కారు ఆగింది. బావమరిది, అతని భార్య, వెనక సీట్లోంచి మామగారి అక్క పెద్దత్త దిగారు. వాకిట్లో మామగారు కుర్చీలో వెనక్కి వాలి, తెల్ల తువ్వాలు మెడదాకా కప్పుకుని, ఎండ తగిలి నిద్రపోతున్నారు. పొద్దుటి హడావుడికి నోరు కాస్త తెరుచుకుంది. బావమరిది గేటు దగ్గర నుంచే "నాన్నా" అంటూ వచ్చి ఆయన కాళ్ల మీద పడ్డాడు. కాళ్లలో ఒకటి బేసినులో ఉంది. అతని తల కూడా అందులోకే వెళ్లింది.

"ఎవడ్రా అది, కాలిన వేలే దొరికిందా నీకు?" అన్నారు మామగారు కళ్లు తెరిచి.

పెద్దత్త నిలుచున్న చోటే చతికిలబడింది. బావమరిది ముఖం మీద బేసిను నీళ్లు, కన్నీళ్లు కలిసి కారుతున్నాయి. తండ్రిని చూశాడు, అక్కను చూశాడు, సగం చొక్కాలో ఉన్న బావను చూశాడు.

"మరి చల్లబడిపోయాడన్నారుగా?"

"పెద్దాయనంటే గీజరు, మామయ్యా," అంది కూతురు.

మామగారికి మొత్తం అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కోపం రాలేదు. కొడుకు తడి తల మీద చెయ్యి పెట్టి, "అయితే నువ్వు రావాలంటే నేను పోవాలన్నమాట," అన్నారు. బావమరిది తల ఎత్తలేదు.

అంతలో సందు మొదట్లో డిపో బస్సు కనబడింది. సందు ఇరుకని తోటి డ్రైవరు దాన్ని వెనక్కి నడుపుకుంటూ వస్తున్నాడు. లోపల పరీక్షకు వచ్చిన డ్రైవర్లంతా ఉన్నారు. ముందు సీట్లో బండి చక్రమంత పూలదండ ఉంది. మనుషులందరూ వెళ్లిపోతే ఖాళీ గదిలో ఎవరి చేతులు ఎత్తించాలో తెలియక డాక్టరు కూడా ఎక్కి వెనక కూర్చున్నాడు. నడిపేవాడి కళ్లు తడిగా ఉన్నాయో, దండ అడ్డమొచ్చిందో, బస్సు వెనకభాగం నేరుగా గేటు స్తంభం మీదికి వస్తోంది. స్తంభానికి ఇవతల పెద్దత్త ఇంకా కూర్చునే ఉంది.

"ఆపు, ఆపరా నాయనా," అంటూ డ్రైవరు రెండు చేతులూ తలపైకి ఎత్తి బస్సుకు అడ్డం పరుగెత్తాడు.

బస్సు స్తంభాన్ని తాకకుండా ఆగింది. డ్రైవరు చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ఎడమది ఎంత ఎత్తులో ఉందో కుడిదీ అంతే. చొక్కా ఎలా ఎక్కిందో, పూర్తిగా ఒంటి మీద ఉంది. వెనక అద్దంలోంచి డాక్టరు చూస్తున్నాడు.

"దించకు, అలాగే ఉండు," అన్నాడు కిటికీ తెరిచి. "నొప్పి ఉందా?"

డ్రైవరు కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "అస్సలు లేదండీ."

"మామగారు పోయిన బాధలో ఉన్నావు, ఇంక దించెయ్యి," అని డాక్టరు అక్కడికక్కడే ఫిట్ అని రాసేశాడు. అప్పుడు కుర్చీలోంచి లేచి వచ్చి, దండ ఎవరికని మామగారు అడిగారు.

దండను వెనక్కి తీసుకుపోలేక డిపో వాళ్లు ప్లంబరు సలహా మీద గీజరుకు వేసి వెళ్లారు.

స్టీరింగు దక్కింది. నీళ్లు కూడా బాగా కాగుతున్నాయి. నాబు దాని చోట అది ఉంది, వాల్వు దాని పని అది చేస్తోంది, ఎవరి వేలూ కాలడం లేదు. ఆ సాయంత్రం డ్రైవరు తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూము వైపు నడిస్తే భార్య ఆపింది.

"తమ్ముడు వాళ్లు ప్రయాణం చేసి వచ్చారు, ముందు వాళ్లని కానివ్వండి. మీకేమండీ, భుజం బ్రహ్మాండంగా ఉందని డాక్టరే రాసిచ్చాడు."

అతను తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ తీగ మీద వేశాడు. బావమరిదికి చేసిన తప్పు బాగా తెలిసివచ్చింది. నాన్నను వదిలి ఇంక కదలనని, భార్యతో సహా అక్కడే ఉండిపోయాడు. వరసలో వాళ్లిద్దరూ మామగారి తర్వాత.

అదే గీజరు ఇంకో ఇద్దరికి సరిపోతుందని ప్లంబరు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.