ఆగితే పట్టుకోదు

ఆదివారం ఉదయం ఆరున్నరకు నగరిలో బయలుదేరి, చిత్తూరులో అత్తగారు చౌడేశ్వరమ్మను ఎక్కించుకుని, తొమ్మిదికల్లా కాణిపాకం చేరి, ఆమె మొక్కు తీర్పించి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలని మునీంద్ర అనుకున్నాడు. ఈ ఏర్పాటులో అసలు సంగతి వేరే ఉంది. చౌడేశ్వరమ్మ కొడుకు ఢిల్లీబాబు దగ్గర ఉంటుంది. ఢిల్లీబాబు కార్లు బాగుచేసే మెకానిక్. ఎనిమిదికి షెడ్డుకు వెళ్ళిపోతాడు. ఎనిమిదింపావుకు ఆ వీధిలోకి పోతే బామ్మర్ది ముఖం చూడనక్కర్లేదు.

ఆ ముఖం చూడక ఏడాదిన్నర అయింది. మునీంద్ర కూతురి నిశ్చితార్థంలో నలభైమంది ఎదుట ఢిల్లీబాబు, "దీన్ని ఇంక పాత ఇనుముకు వేసెయ్ బావా" అన్నాడు. దీన్ని అంటే మునీంద్ర కారును. దానికి ఇరవై ఎనిమిదేళ్ళు. తనను ఒక మాట అని ఉంటే మునీంద్ర ఊరుకునేవాడే.

నెల రోజులుగా ఆ కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను ఒక తీరుగా ఉండటం లేదు. కాసేపు ఎగిరెగిరి పడి, కాసేపు నీరసంగా మూలుగుతోంది. ఆ ఉదయం మునీంద్ర ఫోనులో ఒక వీడియో చూసి, కార్బురేటర్ మీది స్క్రూను పావు చుట్టు తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. ఇంకోవైపు తిప్పితే వీధి లేచేట్టు అరిచింది. మొదట ఉన్నచోటే పెడదామంటే, ఆ చోటు ఏదో అప్పటికే మరిచిపోయాడు.

"మా తమ్ముణ్ణి ఒక మాట అడిగితే పోతాది గదా" అంది భార్య రాజశ్రీ.

"అవసరం లేదు. పరిగెత్తేటప్పుడు బాగానే ఉండాది. నిలిపితేనే తంటా."

"అయితే ఏం చేస్తారు?"

"నిలపకుండా పోదాం."

చిత్తూరు దాకా అలాగే పోయారు. ఊళ్ళోకి రాగానే రాజశ్రీ పుట్టింటి ఫోనుకు చేసి తల్లిని గేటు బయట నిలబడమంది. తన ఫోను తిరిగి సంచిలో వేసి, సంచిని వెనక సీటు కిందికి తోసింది. మునీంద్ర ఆక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, ఇంజను హోరెత్తిస్తూ వీధిలోకి వచ్చాడు. రాజశ్రీ తలుపు తెరిచి తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. డెబ్బై ఏళ్ళ చౌడేశ్వరమ్మ సీటు మీద అడ్డంగా పడింది. ఒక చెప్పు, రెండు టెంకాయలు వీధిలో మిగిలాయి.

ఎదురింటి కృపారాణి పరుగున వచ్చింది. "ఏమైంది మునీంద్రన్నా?"

"టైం లేదమ్మా, ఆగిపోతాది" అన్నాడు మునీంద్ర కిటికీలోంచి. "ఆగితే మళ్ళా పట్టుకోదు."

కారు మలుపు తిరిగింది. కృపారాణి చెప్పును చూసింది, టెంకాయలను చూసింది. ఢిల్లీబాబుకు ఫోను చేసి, "మీ అమ్మకు గుండె ఆగిపోతా ఉండాదంట. అక్కావాళ్ళు ఆస్పత్రికి తీస్కపోయినారు" అని చెప్పింది.

సీటు కింద రాజశ్రీ ఫోను మోగినా ఇంజను హోరులో వినబడలేదు; ఊరు దాటకముందే మునీంద్ర ఫోను మోగింది. తెర మీద ఢిల్లీబాబు పేరు కనిపించింది. ఏడాదిన్నర తర్వాత వాడే దిగివచ్చాడని మునీంద్రకు కొంచెం తృప్తి కలిగింది. అయినా అంత సులువుగా లొంగకూడదనుకుని ఫోను తీయలేదు. పదకొండుసార్లు మోగింది. పదకొండుసార్లూ తృప్తిపడ్డాడు.

ఢిల్లీబాబు చిత్తూరులో రెండు ఆసుపత్రులు వెతికాడు. మధ్యలో ఐరాలలో ఉన్న మేనమామ గంగులప్పకు కబురు చెప్పాడు. గంగులప్ప ఒక పూలమాల కొనుక్కుని, మోపెడ్ మీద కాణిపాకం దారిన చిత్తూరుకు బయలుదేరాడు.

కాణిపాకం గుడికి ఇంకా అర కిలోమీటరు ఉందనగా బస్సులు వరుసగా ఆగి ఉన్నాయి. మునీంద్ర కూడా ఆపక తప్పలేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నలుగురు భక్తులు కారును పక్కకు తోశారు. టెంకాయల అంగడాయన పెట్రోలులో నీళ్ళున్నాయన్నాడు. బస్సు కండక్టరు ప్లగ్గులు పోయాయన్నాడు. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పి, తలా ఒకసారి ఆ స్క్రూ తిప్పారు.

అప్పుడే గంగులప్ప ఆ దారిన వచ్చాడు. రోడ్డు పక్కన కూర్చున్న అక్కను దూరం నుంచే చూసి, కారు ఆగిపోయిందని ఎవరో అంటే విని, అక్కడికక్కడే మేనల్లుడికి ఫోను చేశాడు. "అక్క ఈడ కాణిపాకం రోడ్డు పక్కన ఉండాదబ్బా. యాడికీ పోలేదు. ఆగిపోయిందంట…" అన్నాడు. సిగ్నలు పోయింది.

దగ్గరికి వెళ్ళేసరికి చౌడేశ్వరమ్మ ఉడికించిన వేరుశనక్కాయలు తింటోంది. తమ్ముణ్ణి చూసి ఆశ్చర్యపోయింది.

"మాల ఎవరికిరా?"

గంగులప్ప మాల వంక చూసుకున్నాడు. "దేవుడికే అక్కా" అన్నాడు.

పావుగంటలో చిన్న వ్యాను అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. ఢిల్లీబాబు దూకి, ఏడ్చుకుంటూ వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె వాడి నోట్లో నాలుగు వేరుశనగలు పెట్టి, షెడ్డుకు పోలేదా అని అడిగింది. జరిగింది తెలుసుకోవడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఎవరూ అడగకుండానే అతడు కారు ముందుకు వెళ్ళి బానెట్ ఎత్తాడు.

"స్క్రూ ఎవరు తిప్పినారు?"

ప్రమాణాల దేవుడున్న కాణిపాకం పొలిమేరలో అబద్ధం ఆడేందుకు మునీంద్రకు ధైర్యం చాలలేదు. "మొదట నేనే. తర్వాత చానామంది."

ఢిల్లీబాబు కార్బురేటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. వేలంత రబ్బరు గొట్టం ఊడి వేలాడుతోంది. గాలి అక్కణ్ణించి దూరుతున్నంతకాలం ఏ స్క్రూ ఎంత తిప్పినా ఇంజను కుదురుకోదు. దాన్ని అతడు చేతిలో పట్టుకున్నాడు. గుడి గోపురం వైపు ఒకసారి చూశాడు.

"బావా, పోయినసారి సర్వీసు చేసినప్పుడు దీనికి క్లిప్పు దొరకలేదు. ఊరికే దూర్చి, సన్నకమ్మీ చుట్టి వదిలేసినా. ఆ కమ్మీ తెగిపోయినట్టుండాది. తప్పు కారుది కాదు, నాది."

మునీంద్రకు కావలసిన మాట అదే. అయినా ఏడాదిన్నరగా సిద్ధం చేసుకున్న జవాబులు పక్కన పెట్టి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అందించాడు. "నిచ్చితార్థంలో నువ్వు భోంచేయకుండానే పోతివి" అన్నాడు చివరికి.

"మీరు చెయ్యి కడుక్కోమనే అనలేదు గదా బావా."

గొట్టానికి అంబులెన్సు సామాన్ల పెట్టెలో దొరికిన కొత్త క్లిప్పు పడింది. స్క్రూ తన చోటికి వచ్చింది. ఇంజను నిద్రపోతున్న పిల్లిలా గురగురమంది. అందరూ కలిసి దర్శనానికి వెళ్ళొచ్చారు. మాల దేవుడికే చేరింది.

తిరిగి వచ్చేసరికి అంబులెన్సు డ్రైవరు దిగులుగా నిలబడి ఉన్నాడు. తొందరలో పైన తిరిగే దీపం ఆర్పకుండా ఇంజను ఆపేశాడు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తోసినా లేవలేదు. ఢిల్లీబాబు తాడు తెచ్చి, దాన్ని బావ కారు వెనకకు కట్టాడు.

చిత్తూరు దాకా రోడ్డు మీద జనం అంబులెన్సును చూసి పక్కకు తప్పుకుంటూ, కారుకు దారి ఇచ్చారు.