డిస్కుల విందు

సోమవారం పొద్దున వెర్లిన్ ఆసెత్ అద్దం ముందు నిలబడి ఒకే మాట వల్లెవేశాడు. "ఆర్లిస్ గారూ, వచ్చే నెల నుంచి మీ డిస్కు స్థలానికి రెట్టింపు కట్టాలి." అద్దంలో ఉన్న మనిషి దగ్గర మొహమాటం లేదు కనుక మాట సాఫీగానే వచ్చింది.

వెర్లిన్ పనిచేసేది వ్యాపారాలకు సర్వర్లు అద్దెకిచ్చే చిన్న కంపెనీలో. ఊళ్ళో దుకాణాలూ ఫ్యాక్టరీలూ తమ ఫైళ్ళన్నీ అక్కడే దాచుకుంటాయి. ఆ ఏడాది ఆ ఫైళ్ళు దాచే డిస్కుల ధరలు ఆకాశాన్నంటాయి. అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది ఆర్లిస్ టోలెఫ్సన్. బంగాళాదుంపతో చేసే పల్చటి రొట్టె, లెఫ్సె, ఆవిడ ఫ్యాక్టరీలో తయారవుతుంది. పెనం మీద కెమెరా పెట్టించి, ప్రతి రొట్టెనూ రెండు వైపులా ఫొటో తీయించి, ఏళ్ళ తరబడి ఒక్కటి కూడా చెరపకుండా దాస్తోంది. కొత్త రేటు కాగితం మీద ఆవిడ సంతకం తేకపోతే శనివారం తర్వాత ఆఫీసుకు రానక్కర్లేదని యజమానురాలు డెనీస్ చెప్పేసింది. డెనీస్ షికాగో మనిషి, అలాంటివి మొహం మీదే అనగలదు.

షికాగోకి బాగా ఉత్తరాన, మంచులో మునిగుండే మా బెమిడ్జిలో పుట్టినవాళ్ళకు ఆ విద్య అబ్బదు. ఇక్కడ కాఫీ ఇస్తామంటే మొదటిసారి "వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి "మీరంతగా అంటే అర కప్పు" అని పుచ్చుకోవాలి. మూడోసారి కూడా వద్దంటే నిజంగానే వద్దన్నట్టు. నాలుగోసారి ఎవరూ అడగరు.

ఫ్యాక్టరీ వాకిట్లో మంచు గడ్డకట్టి ఉంది. జారిపడతానేమోనని వెర్లిన్ నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక్కో అడుగే పట్టిపట్టి వేస్తూ లోపలికొచ్చాడు. కిటికీలోంచి ఆర్లిస్ అంతా చూసింది. ఆవిడ మూడోసారి అడిగాక కాఫీ వచ్చింది. వల్లెవేసిన మాట మాత్రం రాలేదు.

"ఏంటి నాయనా, మొహం అలా వేలాడేశావ్?"

"డిస్కుల సంగతండీ. రెండు పోయాయి. మూడోది ఇవాళో రేపో అన్నట్టుంది."

"అయ్యో! మూడా?"

"బరువెక్కువైపోయి తట్టుకోలేకపోతున్నాయండీ. మార్చాల్సిందే. ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, నిరుటికి రెట్టింపు."

"ఇన్సూరెన్సు వాళ్ళేమంటారు?"

"ఇలాంటివాటికి వాళ్ళెందుకిస్తారండీ! ఆ భారం మీ మీద పెట్టడానికి నాకు నోరు రావడం లేదు."

"చాల్లే, ఊరుకో. మేమంతా ఉన్నదెందుకు? ఆ సంగతి నాకొదిలెయ్యి."

వెర్లిన్ గాల్లో తేలుతూ ఆఫీసుకు వెళ్ళి, ఆవిడ ఒప్పేసుకుందని చెప్పాడు. డెనీస్ ఆ మాట నమ్మి, ఎంత పోరినా వెనక్కి తీసుకోని దుకాణంలో కొత్త డిస్కులకు ఆర్డరు పెట్టేసింది. ఆర్లిస్‌కి మాత్రం డిస్కు అంటే జీవితంలో ఒకటే అర్థం: పోయిన భర్త ఓర్విల్‌ని ఏళ్ళ తరబడి మంచానికి అతికించిన నడుం డిస్కు. వెర్లిన్ కారు మలుపు తిరక్కముందే ఆవిడ చర్చికి ఫోను చేసింది.

మర్నాడు పొద్దున వెర్లిన్ ఇంటి గుమ్మంలో హాట్‌డిష్ ప్రత్యక్షమైంది. మాంసం, చిక్కుడుకాయలు, పైన వేయించిన బంగాళాదుంప ముక్కలు. మా వైపు అది ఇంటికి వచ్చిందంటే ఎవరో పోయారన్నా అనుకోవాలి, పోబోతున్నారన్నా అనుకోవాలి. సాయంత్రానికి ఇంకో నాలుగు వచ్చాయి.

"మనింట్లో ఎవరు పోయారు?" అంది భార్య డొరీన్, ఫ్రిజ్ తలుపు మోకాలితో నెడుతూ.

"రేట్లు పెరుగుతున్నాయని తెలిసి నా మీద జాలి పడుతున్నారే. ఎంత మంచి ఊరు!"

పక్కింటాయన వచ్చి వెర్లిన్ చేతిలోంచి మంచు పార లాక్కుని, వాకిలంతా తనే శుభ్రం చేసి పోయాడు. హార్డ్‌వేరు కొట్టు ఖాతాదారు ఫోను చేసి, "వెర్లిన్, ఎవరేం చెప్పినా సరే, నువ్వు మాత్రం వంగకు" అన్నాడు. పడవల షెడ్డు ఆయనా అదే అన్నాడు. ధర విషయంలో ఖాతాదారులే వంగొద్దంటున్నారని వెర్లిన్ డెనీస్‌కు చెప్పాడు. వ్యాపారంలో ఆవిడ అంతటి అదృష్టం ఎన్నడూ ఎరగదు. ఆ మధ్యాహ్నమే ఊళ్ళో ఖాతాదారులందరికీ రేటు పెంచేసింది.

గురువారం డొరీన్ కిరాణాకొట్టు నుంచి సామాను లేకుండా తిరిగొచ్చింది. చేతిలో గోడ మీంచి పీకిన పోస్టరు. అందులో వెర్లిన్ నవ్వుతున్నాడు. కింద "వెర్లిన్ డిస్కుల కోసం విందు, శనివారం, చర్చి హాలు" అని ఉంది.

"నా డిస్కుల కోసం విందా!" వెర్లిన్‌కు కళ్ళు చెమర్చాయి.

"ఆ కింద కూడా చదువు."

కింద వెన్నెముక బొమ్మ ఉంది. ఆపరేషన్ నిధికి ఉదారంగా ఇమ్మని రాసి ఉంది.

"నాకు చెప్పకుండా నడుం కోయించుకుంటున్నావా?" అంది డొరీన్. మూడు రోజుల హాట్‌డిష్‌ల విసుగంతా ఆమె గొంతులో ఉంది.

జరిగిందంతా అర్థమయ్యేసరికి వెర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే ఫోను చేసి చెప్పమంది డొరీన్.

"ఎలా చెప్పనే? బంగాళాదుంపలు ఒలిచేసి ఉంటారు!"

"ఒలిచిన దుంపల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా? ఫోనులో చెప్పలేకపోతే అక్కడే, అందరి ముందూ చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

శనివారం హాలు కిటకిటలాడింది. వెర్లిన్‌ని నాలుగు దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. దిండ్లు పక్కకు నెట్టి లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటానికే చప్పట్లు కొట్టారు.

"నా నడుం బాగానే ఉందండీ," అన్నాడు. "పోయింది సర్వరు డిస్కులు. సోమవారం నేను అడగడానికి వచ్చింది రేటు పెంపు గురించి."

చెంచాలు ఆగిపోయాయి. చర్చి పాస్టర్ సోనియా పళ్ళెం పక్కకు జరిపి, "ఇది... కొంచెం వేరేగా ఉంది" అంది. మా ఊరి భాషలో ఇంతకు మించిన తిట్టు లేదు.

ఆర్లిస్ లేచి వచ్చింది. "అంటే నా రొట్టెల ఫొటోలకు రెట్టింపు కట్టాలా?"

"కట్టాలండీ. వద్దనుకుంటే పాతవి చెరిపేయొచ్చు."

"పాత ఫొటోల్లో రొట్టె తిరగేసే చెయ్యి ఎవరిదనుకున్నావ్? మంచం పట్టకముందు ఓర్విల్‌ది. పనయ్యాక రోజూ రాత్రి ఓ పది చూసి పడుకుంటాను." ఆవిడ సంచీలోంచి పెన్ను తీసింది. "మూడింతలడిగినా కట్టేదాన్ని. కాఫీ దగ్గరే సూటిగా అడగొచ్చుగా, మొద్దబ్బాయ్! ఆ కాగితం ఇలా తే."

సంతకం పడింది. ఉద్యోగం నిలిచిన సంతోషంలో వెర్లిన్‌కు ఆర్లిస్‌ని కౌగిలించుకోవాలనిపించింది కానీ, మా వైపు అది కొంచెం ఎక్కువ. కరచాలనంతో సరిపెట్టుకున్నాడు.

అప్పుడు పాస్టర్ విరాళాల కవరు పట్టుకొచ్చింది. "ఎలాగూ పోగుచేశాం, ఉంచుకోండి."

"వద్దండీ."

"ఫరవాలేదు, తీసుకోండి."

"తప్పండీ, నాకేం జబ్బు లేదు."

"అందరూ మనసారా ఇచ్చారు."

వెర్లిన్ ఛాతీ విరుచుకుని, "ససేమిరా వద్దు!" అన్నాడు.

మూడోసారి కూడా వద్దన్నాడు కనుక కవరు చర్చి పైకప్పు మరమ్మతు డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఆర్లిస్ చేతిలోంచి పెన్ను జారి కింద పడింది. ఆనందంలో ఉన్న వెర్లిన్ చటుక్కున వంగాడు. నడుంలోంచి వచ్చిన చప్పుడు వెనక బల్లల దాకా వినిపించింది.

"అమ్మో, డిస్కు!" అని అరిచాడు, వంగినవాడు వంగినట్టే ఉండిపోయి.

"తెలిసిందిలే నాయనా, సంతకం పెట్టాగా," అంటూ ఆర్లిస్ హాట్‌డిష్ వడ్డించుకోవడానికి వెళ్ళింది. హాలంతా కడుపుబ్బ నవ్వింది. డొరీన్ ఒక్కతే నవ్వలేదు. మొగుణ్ణి అలాగే మడిచి కారెక్కించింది.

ఆస్పత్రిలో డాక్టరు కూడా మా ఊరివాడే. వెర్లిన్‌కు మూడుసార్లు అడిగి కాఫీ ఇప్పించాడు, వాతావరణం గురించి మాట్లాడాడు, కిటికీలోంచి మంచు చూశాడు, చివరికి గొంతు సవరించుకుని అన్నాడు: "డిస్కుల సంగతండీ... ఈ ఏడాది ధర కాస్త పెరిగింది."